వాల్వ్ మారిస్తే పోయేదానికి మెషీన్‌నే మార్చమంటారా?

మొన్న ఒక ఆదివారం పొద్దున వంటింటి గట్టు మీద నీళ్లు. రాత్రి ఎవరో గ్లాసు ఒలకబోసి ఉంటారనుకుని తుడిచేశాను. కాఫీ పెట్టుకుని, స్టీమ్ ఆన్ చేసి పాలు నురగ తెప్పిస్తుంటే మళ్లీ తడి. అప్పుడు చూశాను. ఎస్‌ప్రెసో మెషీన్‌లో కాఫీ దిగే చోటు నుంచి, పక్కనున్న సన్నటి డ్రెయిన్ పైపు నుంచి వేడి నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. కింద డ్రిప్ ట్రే నిండిపోయి గట్టు మీదికి పొర్లుతోంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. వారంటీ అయిపోయి రెండు నెలలైందన్నారు. పోచంపల్లి మా సర్వీస్ ఏరియాలో లేదు, మెషీన్‌ని హైదరాబాద్ తీసుకురమ్మన్నారు. వాల్వ్ పోయి ఉంటుంది, అదొక్కటే ఇస్తారా అని అడిగితే, స్పేర్ విడిగా అమ్మం, లోపలి అసెంబ్లీ మొత్తం మార్చాలన్నారు. దాని రేటు వింటే కొత్త మెషీన్ ధరలో సగం పైనే ఉంది. చివర్లో అసలు మాట వచ్చింది: "ఇంకొంచెం వేసుకుంటే కొత్త మోడలే వస్తుంది కదా సార్, ఎక్స్‌చేంజ్ ఆఫర్ నడుస్తోంది."

కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. మీ ఫోన్ బ్యాటరీకి, మీ ఇయర్‌బడ్స్‌కి, మీ స్మార్ట్ వాచ్‌కి కూడా ఇదే సమాధానం ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఆ మెషీన్ చివరికి రెండు వేల లోపు ఖర్చుతో, ఒక మధ్యాహ్నంలో బాగైంది. అది ఎలా బాగైందో చెప్తాను. కానీ ఈ వ్యాసం దాని గురించి మాత్రమే కాదు. గ్యాడ్జెట్ రివ్యూలు రాసే మేము, చదివే మీరు ఇన్నాళ్లూ ఒక మార్కు వేయడం మర్చిపోయాం. దాని గురించి.

ఆ వాల్వ్ చేసే పని ఏంటి?

ఎస్‌ప్రెసో మెషీన్ అంటే భయపడాల్సినంత పెద్ద విషయం ఏమీ కాదు. ఒక నీళ్ల ట్యాంకు, ఒక చిన్న పంపు, నీళ్లు వేడి చేసే బాయిలర్ లేదా థర్మోబ్లాక్, కాఫీ పొడి బిగించే గ్రూప్ హెడ్. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో "15 బార్" అని ఉంటుంది కదా, అది పంపు ఇవ్వగలిగిన గరిష్ఠ ప్రెషర్. మంచి ఎస్‌ప్రెసోకి పొడి దగ్గర కావాల్సింది సుమారు 9 బార్. మెగాపిక్సెల్స్ లాగే ఇది కూడా బాక్స్ మీద పెద్దగా కనిపించడానికి వేసే నంబర్.

బాయిలర్‌కి, గ్రూప్ హెడ్‌కి మధ్య కొన్ని మెషీన్లలో మూడు దారుల సోలినాయిడ్ వాల్వ్ ఉంటుంది. ఒక దారి బాయిలర్‌కి, ఒకటి గ్రూప్‌కి, ఒకటి డ్రెయిన్‌కి. కాయిల్‌కి కరెంటు వెళ్తే లోపలున్న ఇనుప ప్లంజర్ పైకి లేస్తుంది, బాయిలర్ నీళ్లు పొడి మీదికి వెళ్తాయి. కరెంటు ఆగగానే స్ప్రింగ్ దాన్ని కిందికి నొక్కుతుంది. బాయిలర్ దారి మూసుకుంటుంది, పొడి మీద మిగిలిన ప్రెషర్ డ్రెయిన్ గుండా ట్రేలోకి పోతుంది. కాఫీ అయిపోయాక "టక్" మని శబ్దం వచ్చి ట్రేలో కొంచెం నీళ్లు పడతాయే, అది ఇదే. అందుకే పొడి బిళ్లలా గట్టిగా వస్తుంది, పోర్టాఫిల్టర్ విప్పితే మొహం మీద చిమ్మదు.

ప్లంజర్ చివర మినపగింజంత రబ్బరు ఉంటుంది. అది గట్టిగా కూర్చుంటేనే నీళ్లు ఆగుతాయి. దాని కింద ఇసుక రేణువంత సున్నం ఇరుక్కున్నా చాలు, కారడం మొదలవుతుంది.

మీ మెషీన్ కూడా కారుతుంటే ముందు ఎక్కడ కారుతోందో చూడండి. కాఫీ తీస్తున్నప్పుడు పోర్టాఫిల్టర్ అంచు చుట్టూ కారితే అది గ్రూప్ గ్యాస్కెట్, చవకైన రబ్బరు రింగు. స్టీమ్ పైపు చివర చుక్కలు ఆగకపోతే స్టీమ్ వాల్వ్ లోపలి ఓ-రింగ్. మెషీన్ అడుగు నుంచి వస్తే లోపలి గొట్టం, దాని జాయింట్ లేదా ట్యాంకు అడుగున ఉండే సీల్. పంపు ఆగి ఉన్నా, స్టీమ్ మోడ్‌లో ఉన్నా గ్రూప్ నుంచి, డ్రెయిన్ నుంచి కారుతుంటే సోలినాయిడ్ వాల్వ్ మీద అనుమానపడాలి. ఈ లిస్ట్‌లో ఒక్కటి కూడా మెషీన్‌ని పారేయాల్సిన రోగం కాదు.

విప్పడమే పెద్ద పరీక్ష

ప్లగ్ తీసేసి, మెషీన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాను. ట్యాంకు ఖాళీ చేశాను. నాలుగు స్క్రూల్లో మూడు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కి వచ్చాయి. నాలుగోది రాలేదు. దాని తల మధ్యలో పిన్ ఉంది, దానికి వేరే బిట్ కావాలి. ఒకే మూత, నాలుగు స్క్రూలు, అందులో ఒకటి మాత్రం వేరే రకం. అది మెషీన్ బలం కోసం పెట్టింది కాదు. నన్ను ఆపడానికి పెట్టింది.

ఆ బిట్ కోసం ఊళ్లో ఆర్‌ఓ ఫిల్టర్లు, మోటార్లు బాగుచేసే అన్న దగ్గరికి మెషీన్‌ని మోసుకెళ్లాను. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది తమ్మీ గిది? కాఫీ మిషనా? ఎంతవెట్టి కొన్నవ్?"

రేటు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

బిట్ తీసి మూత విప్పాడు. వాల్వ్ కనిపించగానే నవ్వాడు. "అరే, ఇది సోలినాయిడే గదా! ఆర్‌ఓల గూడ గిట్లాంటిదే ఉంటది. రోజుకు రెండు మారుస్త."

"మరి అదే పెట్టేద్దామా అన్నా?"

"పెట్టొద్దు. అది 24 వోల్టులది, సల్లనీళ్లది. ఇండ్ల కాగేనీళ్లు, ప్రెషర్ గూడ ఎక్కువ. దీని మీద రాసిందేందో సదువు ముందు."

చదివాను. కాయిల్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, ఎన్ని వాట్లు, తయారు చేసిన కంపెనీ పేరు, మోడల్ నంబర్, అన్నీ అచ్చేసి ఉన్నాయి. అప్పుడు అర్థమైన విషయం ఏంటంటే, ఈ వాల్వ్‌ని ఆ కాఫీ మెషీన్ కంపెనీ తయారు చేయనే లేదు. వాల్వులే తయారు చేసే ఇంకో కంపెనీ దగ్గర కొని బిగించింది. "విడిగా అమ్మం" అని నాకు చెప్పిన పార్టు బయట మార్కెట్‌లో విడిగానే దొరుకుతోంది!

అన్న మల్టీమీటర్ పెట్టి కాయిల్ చూశాడు. "కాయిల్ మంచిగనే ఉన్నది. లోపట సున్నం పట్టింది సూడు." ప్లంజర్ బయటికి తీస్తే తెల్లటి పొర. ముందు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి కడిగి చూద్దామన్నాడు. కడిగాం. కారడం తగ్గింది కానీ ఆగలేదు. రబ్బరు మీద గాటు పడింది. ఇక మార్చాల్సిందే.

అదే మోడల్ నంబర్‌తో వెతికి కొత్తది తెప్పించాను. కొనేటప్పుడు నాలుగు విషయాలు సరిపోవాలి: వోల్టేజ్, మూడు దారులు ఉండటం, దారాల సైజు, తట్టుకునే వేడి, ప్రెషర్. తాగే నీళ్లకి పనికొచ్చే రకమా కాదా అన్నది కూడా చూసుకోవాలి. ఒక్కటి తేడా వచ్చినా చవగ్గా వస్తోందని కొనకండి.

బిగించడం తేలికే. విప్పేముందు ప్రతి వైరుకి ఫోటో తీసుకున్నాను. పాత వాల్వ్ తీసి, దారాలకి టెఫ్లాన్ టేప్ చుట్టి, కొత్తది చేత్తో తిప్పి, చివర్లో పానాతో కొంచెం బిగించాను. ఎర్త్ వైరు ఎక్కడుందో అక్కడే గట్టిగా పెట్టాను. అన్న రెండుసార్లు చూశాడు. నీళ్లు పోసి, మూత బిగించి, స్టీమ్ ఆన్ చేసి పది నిమిషాలు చూశాం. ఒక్క చుక్క కూడా కారలేదు.

"కాఫీ పోస్తవా మరి?" అన్నాడు. పోశాను. ఒక్క గుక్క తాగి, "చేదుంది. చాయ్ తాగుదాం పా" అన్నాడు.

మన నీళ్ల సంగతి మాన్యువల్‌కి తెలియదు

వాల్వ్ ఎందుకు పోయింది? ఈ ప్రశ్న అడగకపోతే ఏడాదికి మళ్లీ అదే పని. సమాధానం ప్లంజర్ మీదున్న తెల్లటి పొరలోనే ఉంది.

నల్గొండ ప్రాంతం భూగర్భ జలాల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ వల్ల తరాల తరబడి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన జిల్లా ఇది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే ప్రపంచమంతా పిలుస్తారు. అయితే మెషీన్లో పట్టే సున్నానికి కారణం ఫ్లోరైడ్ కాదు, నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం. వేడి తగలగానే అవి గట్టిపడి లోహానికి అతుక్కుంటాయి. గీజర్ రాడ్ మీద, చాయ్ కెటిల్ అడుగున చూసే తెలుపు ఇదే.

తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మనిషి తాగడానికి రూల్ ప్రకారం సరిపోయే నీళ్లు కూడా ఈ మెషీన్‌కి గట్టివే. మరి మాన్యువల్‌లో ఏముంది? అందరికీ కలిపి ఒకే మాట: మూడు నెలలకోసారి డీస్కేల్ చేయండి. బోరు నీళ్లకి అది అస్సలు సరిపోదు.

అలాగని పూర్తిగా ఆర్‌ఓ నీళ్లే పోయడం కూడా ఎప్పుడూ మంచిది కాదు. మరీ ఖనిజాల్లేని నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది. నీటి మట్టాన్ని కరెంటు ద్వారా పసిగట్టే సెన్సర్లున్న మెషీన్లు ఆ నీళ్లని గుర్తించకపోవచ్చు. కాఫీ నిపుణులు టీడీఎస్ 150 దగ్గర ఉంటే బాగుంటుందంటారు. నేనిప్పుడు ఆర్‌ఓ నీళ్లలో కొంచెం నల్లా నీళ్లు కలిపి, చిన్న టీడీఎస్ మీటర్‌తో చూసి పోస్తున్నాను. నెలకోసారి డీస్కేల్ చేస్తున్నాను. టీడీఎస్ మీటర్ కాఠిన్యాన్ని నేరుగా కొలవదు, కానీ ఒక అందాజా ఇస్తుంది.

నా పాయింట్ ఇది: ఇలాంటి నీళ్లున్న చోట వాల్వ్ పోవడం ప్రమాదం కాదు, తప్పకుండా జరిగేదే. టైర్ అరిగినట్టు అరిగే పార్టు అది. టైర్ అరిగితే కారు మార్చమని ఏ షోరూమ్ వాడూ అనడు కదా?

మగ్గాల ఊళ్లో ఈ మాట చెల్లదు

నేను ఈ మాట పోచంపల్లిలో కూర్చుని రాస్తున్నాను. ఈ ఊరికి రెండు పేర్లున్నాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానంగా ఇచ్చారు, అప్పటి నుంచి భూదాన్ పోచంపల్లి. రెండో పేరు ఇక్కత్ చీర. నూలుకి డిజైన్ ప్రకారం ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాత నేసే పని అది.

ఇక్కడ మగ్గం చూసి పెరిగిన వాళ్లకి మెషీన్ అంటే ఒక అర్థం ఉంది. నాడె పగిలితే నాడె మారుస్తారు. తాడు తెగితే తాడు కడతారు. పలక అరిగితే వడ్రంగి దగ్గరికి తీసుకెళ్తారు. ఏ భాగం ఎందుకుందో, పాడైతే ఎవరు చేస్తారో నేసేవాడికి తెలుసు. అది సరదా కాదు. మగ్గం ఆగితే ఆ రోజు కూలి ఆగుతుంది. తాత వాడిన మగ్గం మనవడి దాకా వచ్చిందంటే, అందులోని ప్రతి ముక్కా ఎప్పుడో ఒకసారి మారి ఉంటుంది. మగ్గం మాత్రం అదే.

ఈ ప్రాంతం ఇచ్చిన పెద్ద ఉదాహరణ చింతకింది మల్లేశం గారు. మీలో చాలామంది 2019లో వచ్చిన "మల్లేశం" సినిమా చూసే ఉంటారు. ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. ఇక్కత్‌లో నేయడానికి ముందు ఆసు పోయడం అనే పని ఉంటుంది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలుని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకి సుమారు తొమ్మిది వేల సార్లు. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం ఆ పనితో నొప్పి పుట్టేది. అది చూడలేక ఆయన 1992లో మెషీన్ చేయడం మొదలుపెట్టారు. చదువు బడి దగ్గరే ఆగిపోయింది, ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. ఒక్కో భాగం చేసి, పని చేయకపోతే విప్పి, మళ్లీ చేసి, 1999కి లక్ష్మి ఆసు యంత్రం తయారైంది. చీరకి నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథని మనం ఎప్పుడూ "ఇన్నోవేషన్" కింద చెప్పుకుంటాం. నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. విప్పి చూడటం తెలిసిన మనిషే కొత్తది చేయగలిగాడు. లోపల ఏముందో చూడనివ్వని వస్తువుల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? మూత తెరవడానికి వీల్లేని గ్యాడ్జెట్ మన డబ్బే కాదు, ఆ కుతూహలాన్ని కూడా తినేస్తుంది.

రూల్స్ ఎంతదాకా వచ్చాయి?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం తప్పు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్స్ - ఎలక్ట్రానిక్స్, ఇంటి సామాన్లు, వాహనాలు, ఈ నాలుగు రంగాల కంపెనీలు మాన్యువల్స్, సర్వీస్, స్పేర్ల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. 2024 సెప్టెంబర్‌లో రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం ఇంకో కమిటీ వేశారు, 2025 మేలో దాని రిపోర్ట్ వచ్చింది. విప్పడం ఎంత తేలిక, సమాచారం ఇస్తున్నారా, స్పేర్లు సమయానికి దొరుకుతాయా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, పనిముట్లు, స్క్రూల రకం, వీటిని బట్టి ఐదు పాయింట్ల స్కేల్ మీద మార్కు. మొదట స్మార్ట్‌ఫోన్లకి, ట్యాబ్లెట్లకి.

"స్క్రూల రకం" అన్న మాట చదివినప్పుడు నాకు ఆ నాలుగో స్క్రూ గుర్తొచ్చింది.

ఫ్రాన్స్‌లో 2021 జనవరిలోనే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల మీద రిపేర్ మార్కు కనిపించాలన్న రూల్ వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త ఫోన్లకి ఇంకా గట్టి రూల్స్ వచ్చాయి. మోడల్ అమ్మడం ఆపేశాక కూడా ముఖ్యమైన స్పేర్లు ఏడేళ్లు దొరకాలి, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు కనీసం ఐదేళ్లు ఇవ్వాలి, లేబుల్ మీద రిపేర్ గ్రేడ్ ఏ నుంచి ఈ దాకా ఉండాలి. ఆ బ్రాండ్లలో చాలావాటిని మనమూ వాడుతున్నాం. అక్కడ ఇవ్వగలిగింది ఇక్కడ ఎందుకు ఇవ్వలేరో అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

అయితే ఒకటి గమనించారా? ఈ లిస్టుల్లో ఎక్కడా కాఫీ మెషీన్ లేదు. చట్టం ముందు ఫోన్ దగ్గర మొదలవుతుంది, మిక్సీ, ఎయిర్ ఫ్రయర్, కాఫీ మెషీన్ దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే: కొనే ముందు అడగడం.

"అంత ఈజీ కాదు బ్రో" అంటారా?

ఈ వాదనకి ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటల్లో నిజమూ ఉంది.

మొదటిది సేఫ్టీ. నిజమే. 230 వోల్టులు, వేడి నీళ్లు, ప్రెషర్ మూడూ ఒకే డబ్బాలో ఉన్నాయి. కరెంటు పని తెలియని వాళ్లు ఒంటరిగా మూత తీయొద్దు. థర్మల్ ఫ్యూజ్‌ని బైపాస్ చేసి మెషీన్ నడపడం లాంటి "జుగాడ్" ఎప్పటికీ వద్దు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో పీకడం కూడా అంతే. కానీ ప్రమాదం అన్నది మాన్యువల్ దాచడానికి కారణం కాకూడదు. తెలియకుండా విప్పేవాడికే ప్రమాదం ఎక్కువ. ఎలాగూ విప్పుతారు కాబట్టి సరైన పద్ధతి చెప్తేనే సేఫ్. నేను కూడా అన్నీ ఒంటరిగా చేయలేదు కదా. ఊళ్లో పని తెలిసిన మనిషి ఉన్నాడు, ఆయనకి కావాల్సింది సరైన పార్టు, ఒక డయాగ్రమ్. రైట్ టు రిపేర్ అంటే అందరూ మెకానిక్‌లు కావాలని కాదు, మనకి నచ్చిన మెకానిక్ దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ ఉండాలని.

రెండోది, సన్నగా, వాటర్‌ప్రూఫ్‌గా కావాలంటే జిగురు వేయక తప్పదని. ఫోన్ విషయంలో కొంతవరకు ఒప్పుకుంటాను. గట్టు మీద కదలకుండా కూర్చునే కాఫీ మెషీన్‌కి ఆ సాకు కూడా లేదు. 1991లో వచ్చిన గాజియా క్లాసిక్ మెషీన్‌కి ఈరోజుకీ స్పేర్లు దొరుకుతాయి, జనం దాని స్ప్రింగ్ మార్చి ప్రెషర్ 9 బార్‌కి తగ్గించుకుంటారు. 1961లో ఫాయెమా తెచ్చిన ఇ61 గ్రూప్ డిజైన్ ఇప్పటికీ ఎన్నో కంపెనీల మెషీన్లలో ఉంది, గ్యాస్కెట్ ఏ కంపెనీదైనా దాదాపు పట్టేస్తుంది. విప్పగలిగేలా చేసిన వస్తువు పాతబడదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మూడోది, టైమ్. "నా రెండు గంటల విలువ ఆ వాల్వ్ కన్నా ఎక్కువ" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. సరే. కానీ హైదరాబాద్ వెళ్లి రావడానికి, క్యూలో కూర్చోవడానికి, మళ్లీ తెచ్చుకోవడానికి పట్టే రోజు విలువ ఎవరు లెక్కేస్తారు? సిటీలో ఉండేవాడికి సర్వీస్ సెంటర్ అంటే ఒక ఆటో ఛార్జీ. మండల కేంద్రంలో ఉండేవాడికి ఒక రోజు కూలి, ఒక సెలవు. రిపేర్‌కి లొంగని వస్తువు ఊరివాడికే ఎక్కువ ఖరీదు. బాక్స్ మీద ఎమ్మార్పీ మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఇక పారేసే సంగతి. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పుట్టింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డున్నది పావు వంతు కూడా లేదు. నా మెషీన్ ఆ కుప్పలో చేరకుండా ఆపింది మినపగింజంత రబ్బరు.

మేము వేయని మార్కు

ఇప్పుడు మా తప్పు గురించి. ఫోన్ రివ్యూల్లో కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే, పెర్ఫార్మెన్స్ అన్నిటికీ మార్కులు వేస్తాం. అన్‌బాక్సింగ్‌లో కేబుల్ పొడవు కూడా చెప్తాం. కొన్న పదిహేను రోజుల్లో కనిపించేదే రివ్యూ అయిపోయింది. పదిహేనో నెలలో ఏమవుతుందో రాయం. కంపెనీలకి ఈ సంగతి బాగా తెలుసు. మనం ఏ మార్కు వేస్తే దాని మీదే ఖర్చు పెడతారు. ఫాస్ట్ ఛార్జింగ్‌కి మార్కులు వేశాం, వాట్లు పెరిగాయి. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని అడగడం మొదలుపెట్టాం, ఒక ఏడాది నుంచి ఏడేళ్ల దాకా వచ్చారు. రిపేర్ గురించి అడగలేదు, అందుకే అక్కడ ఏమీ కదల్లేదు.

అందుకే ఇక మీదట నేను రాసే ప్రతి రివ్యూలో, ఫోన్ అయినా ఫ్రయర్ అయినా, ఐదు ప్రశ్నలకి సమాధానం ఉంటుంది. కంపెనీ చెప్పకపోతే "చెప్పలేదు" అని రాస్తాను.

ఒకటి, మామూలు స్క్రూడ్రైవర్‌తో తెరుచుకుంటుందా?

రెండు, తప్పకుండా అరిగే పార్టులు, అంటే బ్యాటరీ, గ్యాస్కెట్, వాల్వ్, ఫిల్టర్, విడిగా మామూలు కస్టమర్‌కి అమ్ముతారా?

మూడు, ఆ పార్టు ధర వస్తువు ధరలో ఎంత శాతం?

నాలుగు, సర్వీస్ మాన్యువల్ అందరికీ దొరుకుతుందా?

ఐదు, హైదరాబాద్ దాటి యాభై కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి సర్వీస్ ఎలా అందుతుంది?

మీరు కూడా కొనే ముందు ఇవే అడగండి. షాపులో సేల్స్‌మన్‌కి సమాధానం తెలియకపోవచ్చు. ఫర్వాలేదు. పది మంది అడిగితే పదకొండో వాడికి తెలుసుకుని చెప్తాడు. ఇప్పటికే కొన్న వస్తువైతే, అది బాగా పనిచేస్తున్నప్పుడే లోపలి పార్టుల మోడల్ నంబర్లు వెతికి ఒక ఫోటో దాచుకోండి. పాడైన రోజు కంగారులో ఏదీ కనిపించదు.

మెషీన్ బాగై నెలన్నర అయింది. ఈ మధ్యలో ఆ ఆర్‌ఓ అన్న ఫోన్ చేశాడు. సిటీ నుంచి వచ్చిన ఎవరిదో కాఫీ మిషన్ తన షాపుకి వచ్చిందట, అదీ కారుతోందట.

"తమ్మీ, నువ్వు తెప్పించిన వాల్వ్ నంబర్ వాట్సాప్ చెయ్యి. ఇంకోటి తెప్పిస్త."

పంపించాను. ఆయనకి కావాల్సింది అంతే: ఒక నంబర్. కంపెనీ దాచింది కూడా అదే.